ఒక మెయిల్‌కు ఒక్కరే బాధ్యులు: కడప ట్యాక్స్ ఆఫీసు కేస్ స్టడీ

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఉన్న ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో 2024లో చేసిన పని ఇది. ఆఫీసు పేరు, పార్టీల (అంటే ఆఫీసుకు పని ఇచ్చే వ్యాపారుల) పేర్లు రాయడం లేదు. ఆఫీసు నడిపే సార్, ఒక సీనియర్ అకౌంటెంట్, ఇంకో నలుగురు స్టాఫ్. పార్టీలు మూడు వందలకు అటూ ఇటూ ఉంటారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు, గుడ్డల అంగళ్ళు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలు, మైదుకూరు పసుపు వ్యాపారులు, కొందరు కాంట్రాక్టర్లు. చిన్న ఆఫీసుల్లో పని నడిచే తీరు చూసి సరిచేయడం నా వృత్తి. సార్ నన్ను పిలిచి చెప్పిన మాట: "మెయిల్ చూసుకునేదానికే పొద్దు పోతాంది. రిటర్నులు రాత్రి కూచొని వేస్తాండాం."

మెయిల్ దగ్గర టైం ఎలా మిగుల్చుకోవాలో చెప్పే సలహాలకు కొదవ లేదు. కాకపోతే వాటిలో చాలావరకు ఒక మనిషికి ఒక ఇన్‌బాక్స్ అనే లెక్కతో చెప్పినవే. మన జిల్లాల్లో చిన్న ఆఫీసుల సంగతి వేరు. ఇక్కడ ఆఫీసంతటికీ ఒకే జీమెయిల్, దాన్ని ఐదారుగురు వాడతారు. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. అలాంటి ఆఫీసులకు పనికొస్తుందని ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ఆ ఇన్‌బాక్సులో ఏమేం పడుతున్నాయి

2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు చాలామంది వ్యాపారులకు మెయిల్ ఐడీ లేదు. ఉన్నవాళ్ళకు పాస్‌వర్డ్ గుర్తు లేదు. రిజిస్ట్రేషన్‌కు మెయిల్ ఐడీ కావాలి కాబట్టి ఆఫీసు వాళ్ళు తమ జీమెయిలే ఇచ్చి పని పూర్తి చేశారు. చాలా ఊళ్ళలో ఇలాగే జరిగింది. దీనివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీకి నోటీసు పంపడం జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ఒప్పుకున్న పద్ధతి. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ ఓనరుకు రావలసిన నోటీసు కడప ఆఫీసు ఇన్‌బాక్సులో పడుతుంది. ఆయనకు దాని సంగతే తెలియదు, గడువు మాత్రం నడుస్తూ ఉంటుంది.

ఆ గడువులూ ఒక్కలా ఉండవు. అమ్మకాల వివరాలు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను కన్నా, పన్ను కట్టే రిటర్ను 3బిలో కట్టినది ఒక హద్దు దాటి తక్కువైతే డీఆర్‌సీ-01బి అనే ఇంటిమేషన్ వస్తుంది, దానికి 7 రోజులు. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదని అడిగే నోటీసుకు 7 పనిదినాలు. రిటర్నుల పరిశీలనలో తేడాలు దొరికితే వచ్చే ఏఎస్ఎంటీ-10కు 30 రోజులు. ఆదాయపు పన్ను రిటర్నులో లోపం ఉందని వచ్చే నోటీసుకు 15 రోజులు.

ఇవన్నీ పడే ఇన్‌బాక్సులోనే ఓటీపీలు, 'మీ రిటర్న్ ఫైల్ అయింది' అనే మెయిళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్యాకప్‌లు, సబ్జెక్టు లేకుండా వచ్చే పర్చేజ్ బిల్లుల ఫోటోలు, సెమినార్ల ఆహ్వానాలు, సాఫ్ట్‌వేర్ ప్రకటనలు కూడా పడుతున్నాయి. నేను మొదటిసారి తెరిచి చూసినప్పుడు చదవని మెయిళ్ళు వేలల్లో ఉన్నాయి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ దాదాపు నిండిపోయి ఉంది. ఆ జాగా మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి ఇచ్చేది. అది నిండితే కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది. మూడు వందల మంది నోటీసులు వచ్చే చోట అది ఎంత ప్రమాదమో ఆఫీసులో ఎవరూ ఆలోచించలేదు.

తెరిచి వదిలేసిన మెయిల్

నన్ను పిలవడానికి అసలు కారణం ఒక నాపరాయి ఫ్యాక్టరీ. 11వ తేదీన వాళ్ళ జీఎస్టీఆర్-1 వేయబోతే జీఎస్టీ పోర్టల్ (ప్రభుత్వ వెబ్‌సైటు) ఒప్పుకోలేదు. వెతికితే డీఆర్‌సీ-01బి మెయిల్ రెండు వారాల కిందటే వచ్చి ఉంది. 7 రోజుల్లో జవాబివ్వకపోతే తర్వాతి నెల జీఎస్టీఆర్-1 ఆగిపోతుంది. అది ఆగితే ఆ ఫ్యాక్టరీ దగ్గర సరుకు కొన్నవాళ్ళకు ఆ బిల్లులు 2బిలో (కొన్నవాళ్ళకు పోర్టల్ చూపే కొనుగోలు బిల్లుల జాబితాలో) కనబడవు. కనబడకపోతే వాళ్ళకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు, రాదు. బెంగళూరు పార్టీ ఒకరు డబ్బు ఆపేశారు. 3బిలో ఒక అంకె తప్పుగా కొట్టడం వల్ల వచ్చిన తేడా అది. జవాబు రాయడానికి అరగంట చాలు.

మెయిల్ రాలేదా అంటే వచ్చింది. చూడలేదా అంటే చూశారు.

"ఆ మెయిల్ ఎవురు చూసినారు?" అని సార్ అడిగారు.

"నేనే సార్. అక్క చూసుకుంటాదిలే అనుకుంటి" అన్నాడు ఒక జూనియర్.

అక్క, అంటే సీనియర్ అకౌంటెంట్, తన సంగతి చెప్పింది: "నాకు తెరిచిన మెయిల్ మాదిరే కనపడె. సార్ చూసి ఎవురికో చెప్పింటారులే అనుకుంటి."

ఈ మూడు మాటల్లోనే కేసంతా ఉంది. ఒకే లాగిన్‌ను ఆరుగురు వాడుతున్నప్పుడు ఒకరు తెరవగానే ఆ మెయిల్ అందరికీ 'చదివినది' అయిపోతుంది. నల్లగా, లావుగా ఉన్న అక్షరాలు సన్నబడతాయి. సార్ రాత్రి భోంచేసి ఫోన్‌లో ఇన్‌బాక్స్ ఒకసారి తిరగేస్తారు. పొద్దున స్టాఫ్ వచ్చేసరికి ముఖ్యమైనవన్నీ సన్నబడి ఉంటాయి. ప్రకటనలు మాత్రం నల్లగా మిగులుతాయి. ఎవరో చూశారు కదా అని ఎవరూ ముట్టుకోరు. లేదా అందరికీ అనుమానం వచ్చి అందరూ తెరుస్తారు.

ఈ రెండోదే టైం తినేది. వాళ్ళ పక్కన కూర్చొని చూస్తే తెలిసింది. జీఎస్టీ నుంచి వచ్చే మెయిల్‌లో నోటీసు పూర్తి సంగతి ఉండదు, నోటీసు జారీ అయిందని మాత్రమే ఉంటుంది. అసలు కాగితం కోసం పోర్టల్‌లోకి పోవాలి. పార్టీ యూజర్ ఐడీ వెతకాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, క్యాప్చా కొట్టాలి, అది తప్పైతే మళ్ళీ కొట్టాలి. లోపలికి పోయాక నోటీసులన్నీ ఒక్కచోట ఉండవు. కొన్ని 'వ్యూ నోటీసెస్ అండ్ ఆర్డర్స్'లో, కొన్ని 'వ్యూ అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్'లో ఉంటాయి. డీఆర్‌సీ-01బి అయితే రిటర్న్స్ కింద 'రిటర్న్ కంప్లయన్స్'లో ఉంటుంది. ఒకే నోటీసు కోసం ముగ్గురు వేర్వేరు రోజుల్లో ఇదంతా చేయడం నేను కళ్ళారా చూశాను. ముగ్గురూ చదివి, పార్టీ నుంచి ఏదో కాగితం రావాలని తెలుసుకొని, మూసేసి తమ పనిలో పడ్డారు. మెయిల్ చదవడానికి పట్టింది రెండు నిమిషాలే. దాని వెనక పోయింది మూడు లాగిన్లు, మధ్యలో ఆపేసిన మూడు రిటర్నుల పని.

అందుకని 'మెయిళ్ళు ఎక్కువైపోయాయి' అనే మాటను నేను పక్కన పెట్టాను. ఈ ఆఫీసుకు కావలసింది ప్రతి మెయిల్‌నూ ఒక్కసారే చదివి, అప్పుడే ఒకరి పేరు మీద పెట్టే పద్ధతి.

ముందుగా ఎవరు చదవాలి

మెయిల్ చూసే పని కొత్తగా చేరిన అబ్బాయికి ఇద్దామన్నది సార్ ఆలోచన. నేను గట్టిగా వద్దన్నాను. మెయిల్ తెరవడం చిన్న పనే, కానీ ఏది 7 రోజులది, ఏది 30 రోజులది, ఏది ఊరికే సమాచారం అని తేల్చడానికి అనుభవం కావాలి. ఆ తీర్పు తెలిసిన మనిషి అక్క ఒక్కతే. ఆమె మీద ఉన్న కొన్ని నెలవారీ రిటర్నులు ఇద్దరు జూనియర్లకు పంచి, మెయిల్ ఆమెకు అప్పగించాం. ఆమె సెలవు పెడితే ఎవరు చూడాలో కూడా ఆ రోజే తేల్చాం.

పాస్‌వర్డ్ పంచుకోవడం మాన్పించాం. జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్' కింద 'గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్' అని ఉంటుంది. దాంతో స్టాఫ్ తమ సొంత జీమెయిల్‌లో ఉండే ఆఫీసు మెయిల్ చూడొచ్చు, జవాబివ్వొచ్చు, పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. పని మానేసి వెళ్ళిన మనిషిని ఒక్క క్లిక్కుతో తీసేయొచ్చు. పార్టీల పాన్ కార్డులు, బ్యాంకు వివరాలు ఉండే ఇన్‌బాక్సుకు ఇంతమాత్రం కట్టుదిట్టం ఉండాల్సిందేనని నా గట్టి నమ్మకం. సార్ ఫోన్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా పెట్టించాం.

తర్వాత ఫిల్టర్లు. సెర్చ్ బాక్సు కుడిచివర ఉన్న గుర్తు నొక్కితే ఎవరి నుంచి, ఏ సబ్జెక్టు, ఏ మాటలు అని అడుగుతుంది. నింపి 'క్రియేట్ ఫిల్టర్' నొక్కాలి. జీఎస్టీ, ఆదాయపు పన్ను శాఖల డొమైన్ల నుంచి వచ్చేవాటికి 'నోటీసు' లేబుల్ తగిలించి, 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' టిక్ పెట్టాం. ఈ టిక్ చాలా ముఖ్యం. స్పామ్‌లో పడిన మెయిల్ 30 రోజుల తర్వాత దానంతటదే పోతుంది. రిటర్న్ ఫైల్ అయిందనే మెయిళ్ళు చదవనక్కర్లేదు, అవసరమైతే వెతికితే దొరుకుతాయి. అవి ఇన్‌బాక్సులోకి రాకుండా నేరుగా ఒక లేబుల్ కిందకు పోతాయి. ప్రకటనలను ఫిల్టర్లతో ఆపలేదు, ఒక సాయంత్రం కూర్చొని వరసగా అన్‌సబ్‌స్క్రైబ్ చేశాం.

ఓటీపీల దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. రిటర్న్ వేసేవాడికి ఓటీపీ అప్పటికప్పుడు కావాలి, మిగతావాళ్ళకు అది చెత్త. 'ఓటీపీ' అని ఒక లేబుల్ పెట్టి అన్నీ అందులోకి మళ్ళించాం. రిటర్నులు వేసే ఇద్దరూ ఆ లేబుల్ ఒక్కటే తెరిచి పెట్టుకుంటారు. ఇన్‌బాక్సులోకి పోరు. ఇది చిన్న మార్పులా కనబడుతుంది గానీ, ఓటీపీ కోసమని ఇన్‌బాక్స్ తెరిచి, అక్కడ కనబడిన ఇంకేదో మెయిల్ చదువుతూ ఉండిపోవడం ఆ ఆఫీసులో రోజూ జరిగేది.

దొంగ నోటీసుల గురించి కూడా ఒక కట్టుబాటు పెట్టాం. మెయిల్‌లోని లింకు ఎవరూ నొక్కకూడదు, పోర్టల్ అడ్రసు తామే టైపు చేసి లోపలికి పోవాలి. ఆదాయపు పన్ను శాఖ కాగితాల మీద 2019 అక్టోబరు 1 నుంచి డిన్ నంబరు (ఒక్కో కాగితానికి ఒక్కో గుర్తింపు సంఖ్య) ఉంటుంది. అనుమానం వస్తే లాగిన్ కాకుండానే ఆ నంబరుతో పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

లాంగ్ బుక్కు

అక్క మెయిల్ చదివాక మూడింట్లో ఒకటి చేస్తుంది. రెండు నిమిషాల్లో అయ్యే జవాబైతే అప్పుడే ఇచ్చేస్తుంది. పని ఉన్నదైతే ఎవరు చేయాలో వాళ్ళ పేరున్న లేబుల్ తగిలిస్తుంది. పార్టీ నుంచి కాగితం రావలసినదైతే ఆ పేరుతో పాటు 'పార్టీ నుంచి రావాలి' అనే లేబుల్ కూడా. ఆ వెంటనే మెయిల్‌ను ఆర్కైవ్ చేస్తుంది, అంటే చెరపకుండా ఇన్‌బాక్సులోంచి పక్కకు తీస్తుంది. అంటే ఇన్‌బాక్సులో మిగిలి ఉన్న ప్రతి మెయిల్ ఇంకా ఎవరికీ ఇవ్వనిది అని అర్థం. చదివిందా చదవలేదా అన్న సంగతితో ఇక పని లేదు.

నోటీసులకు మాత్రం ఇంకో మెట్టు ఉంది. అక్కే పోర్టల్‌లోకి పోయి నోటీసు పీడీఎఫ్ దించి, పార్టీ ఫోల్డరులో పెట్టి, రిజిస్టరులో రాస్తుంది. నేను గూగుల్ షీట్ అనుకున్నాను. సార్ లాంగ్ బుక్కు కావాలన్నారు. ఆయన చెప్పిన కారణం నాకు నచ్చింది: షీట్ తెరిస్తేనే కనబడుతుంది, బుక్కు బల్ల మీద తెరిచి ఉంటే వచ్చేపోయే ప్రతివాడికీ కనబడుతుంది. ఒక్కో నోటీసుకు ఒక్కో వరస: వచ్చిన తేదీ, పార్టీ, నోటీసు రకం, లాస్ట్ డేట్ ఎర్ర ఇంకుతో, ఎవరి పేరు, జవాబిచ్చిన తేదీ. లాస్ట్ డేట్‌కు రెండు రోజుల ముందే పని పూర్తి కావాలి, ఎందుకంటే ఆఖరి రోజు పోర్టల్ ఎలా నడుస్తుందో ట్యాక్స్ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. పొద్దున టీ టైములో సార్ ఆ పేజీ ఒకసారి చూస్తారు. మెయిల్ తెరవాల్సిన పని ఆయనకు లేకుండా పోయింది.

రాత్రిపూట ఫోన్ తిరగేసే అలవాటును మానమని చెప్పి మాన్పించలేం. ఆయన భయం నోటీసు తప్పిపోతుందేమోనని. ఆండ్రాయిడ్ ఫోన్ జీమెయిల్ యాప్‌లో లేబుల్‌ను బట్టి నోటిఫికేషన్ పెట్టుకోవచ్చు. 'నోటీసు' లేబుల్‌కు మాత్రం మోగేలా పెట్టి మిగతావన్నీ ఆపేశాం. మోగినా తెరవక్కర్లేదు, పొద్దునకు అక్క చేతికి వస్తుందని తెలిసాక ఆయన టెన్షన్ చాలావరకు తగ్గింది.

రోజుకు మూడుసార్లు

అక్క ఇన్‌బాక్స్ తెరిచేది పదిన్నరకు, రెండున్నరకు, ఐదున్నరకు. దీన్ని ఒప్పించడానికే ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది. "మధ్యలో అర్జెంటుగా ఏమన్నా వస్తే?" అన్నారు సార్. అన్నిటికన్నా తక్కువ గడువున్న నోటీసుకే 7 రోజులు ఉంది, మూడు గంటలు ఆగితే మునిగేదేమీ లేదు. నిజంగా అర్జెంటైతే పార్టీ ఫోన్ చేస్తాడు. నిమిషాల మీద కావలసింది ఓటీపీ ఒక్కటే, దానికి వేరే దారి పెట్టేశాం. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

దీనికి బయటి ఆధారం కూడా ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కోస్టాడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 124 మందితో చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఒక వారం రోజుకు మూడుసార్లు మాత్రమే మెయిల్ చూడమని, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూడమని చెప్పారు. మూడుసార్లకే పరిమితమైన వారంలో వాళ్ళ ఒత్తిడి తగ్గింది. నా అనుభవంలో మూడు అనే అంకె కన్నా, మధ్యలో తెరవక్కర్లేదనే ధైర్యమే ఎక్కువ పని చేస్తుంది. ఆ ధైర్యం రిజిస్టరు లాంటి ఏర్పాటు ఉంటేనే వస్తుంది. అది లేకుండా 'మూడుసార్లే చూడు' అంటే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు.

11వ తేదీకి (జీఎస్టీఆర్-1 గడువు), 20వ తేదీకి (3బి గడువు) ముందు రెండు రోజులు ఈ లెక్క నడవదు. పార్టీల బిల్లులు ఆఖరి గంటల్లో వస్తాయి. ఆ రోజుల్లో 'బిల్లులు' లేబుల్‌ను గంటకోసారి చూస్తారు. ఇన్‌బాక్స్ మాత్రం మామూలే.

గుమాస్తాకు చెప్పాలి

పార్టీలు సబ్జెక్టు రాయరు. 'ఐఎంజీ' అని మొదలయ్యే పేర్లతో ఫోటోలు వస్తాయి, ఏ నెలవో తెలియదు. ఆఫీసు వాళ్ళు ఓనర్లకు ఎన్నోసార్లు చెప్పారు, ఫలితం లేదు. ప్రొద్దుటూరుకు పోయి ఒకరిద్దరు పార్టీలను కలిస్తే కారణం తెలిసింది. మెయిల్ పంపేది అంగట్లో గుమాస్తా. ఆఫీసు చెప్పిన మాట ఓనర్ దగ్గరే ఆగిపోతోంది.

గుమాస్తాల నంబర్లు తీసుకొని వాళ్ళకే నేరుగా చెప్పాం. సబ్జెక్టులో అంగడి పేరు, నెల, 'పర్చేజ్' లేదా 'సేల్స్'. అంతే. 5వ తేదీ లోపల పంపితే వాళ్ళకు తిరిగి ఫోన్లు రావని కూడా చెప్పాం. గుమాస్తాకు అసలు కావలసింది అదే. సబ్జెక్టు లేకుండా వచ్చినవాటికి జీమెయిల్ టెంప్లేట్‌తో రెండు లైన్ల జవాబు పోతుంది. ప్రతిసారీ అదే జవాబు, కోపం లేకుండా. చాలామంది దారికి వచ్చారు. కొందరు ఇప్పటికీ వాట్సాప్‌లోనే పంపుతారు. వాళ్ళను మెయిల్‌కు మార్చాలని పట్టుపట్టలేదు, ఆఫీసు ఫోన్ ఒక్కదానికే పంపమన్నాం.

పాత కుప్ప

వేల కొద్దీ పాత మెయిళ్ళను ఒక్కొక్కటీ చూసి సర్దాలని స్టాఫ్‌లో ఒకమ్మాయి అప్పటికే మొదలుపెట్టి ఉంది. పార్టీకి ఒక లేబుల్, లేబుల్‌కు ఒక రంగు. ఓపికైన పనే, కానీ అక్కర్లేనిది. పార్టీ పేరో జీఎస్టీ నంబరో సెర్చ్‌లో కొడితే అదే దొరుకుతుంది. ముందుగా గత కొన్ని నెలల నోటీసులను పోర్టల్‌తో సరిచూసి, జవాబివ్వాల్సినవి లాంగ్ బుక్కులోకి ఎక్కించాం. ఆ తర్వాత 'బిఫోర్' అనే సెర్చ్ మాటతో ఆ ఏడాది ఏప్రిల్ 1కి ముందువన్నీ ఎంచి ఒక్కసారే ఆర్కైవ్ చేశాం. ఆర్కైవ్ అంటే డిలీట్ కాదని రెండు మూడుసార్లు వెతికి చూపించాకే అందరూ నిమ్మళించారు. 10 ఎంబీ దాటినవాటిని వేరుగా వెతికి, ట్యాలీ బ్యాకప్‌లను హార్డ్ డిస్కులోకి దించి ఇక్కడ తీసేశాం. జాగా సగానికి పైగా ఖాళీ అయింది.

ఇప్పుడు ఎలా ఉంది

సాయంత్రానికి ఇన్‌బాక్సులో ఒకటో రెండో మిగులుతాయి, ఒక్కోరోజు ఏమీ ఉండవు. ఒకే నోటీసు కోసం రెండోసారి లాగిన్ అవడం దాదాపు ఆగిపోయింది. నా లెక్కలో టైం బాగా మిగిలింది అక్కడే. రాత్రి కూర్చోవడం పూర్తిగా పోలేదు, 20వ తేదీకి ముందు రెండు రోజులకు తగ్గింది. జూనియర్లిద్దరికీ పొద్దున పూట రిటర్నుల మీద ఒకే ధ్యాసతో కూర్చునే వీలు దొరికింది. ఆ తర్వాత వచ్చిన డీఆర్‌సీ-01బిలకు లాంగ్ బుక్కులో జవాబిచ్చిన తేదీ ఎర్ర తేదీకి ముందే ఉంది.

మిగిలిన పని పార్టీల మెయిల్ ఐడీలది. మూడు వందల మంది నోటీసులు వేరొకరి ఇన్‌బాక్సుకు రావడం ఎంత పద్ధతిగా చూసుకున్నా సరైనది కాదని సార్‌కు చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. కొత్త రిజిస్ట్రేషన్లకు ఇప్పుడు పార్టీ సొంత మెయిలే ఇస్తున్నారు. ఆ మెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, జీఎస్టీ నుంచి వచ్చేవి ఆఫీసుకు ఫార్వర్డ్ అయ్యేలా చేస్తున్నారు. పాత పార్టీల మెయిల్, మొబైల్ మార్చడం నాన్ కోర్ (చిన్న వివరాల) సవరణ కిందకే వస్తుంది, ఓటీపీతో అయిపోతుంది, అధికారి ఆమోదం అక్కర్లేదు. బంగారు అంగళ్ళవి చాలావరకు అయ్యాయి. నాపరాళ్ళ ఫ్యాక్టరీలవి సగం అయ్యాయి. పసుపు వ్యాపారులు సీజన్ అయ్యాక వస్తామన్నారు. వాళ్ళవి ఇంకా మొదలుపెట్టలేదు.